ముందు బండ బరువు చెప్పండి: ప్రాసెసర్ల వేగాన్ని పోల్చడం ఎలా?

ఇంజినీరింగ్ సీట్లు ఖరారై తరగతులు మొదలయ్యే రోజుల్లో నెల్లూరు, ఒంగోలు కంప్యూటర్ దుకాణాలు తల్లిదండ్రులతో, పిల్లలతో నిండిపోతాయి. లోపలికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకే మాట: ‘ఐ5 మంచిదా, రైజెన్ 5 మంచిదా?’ దుకాణదారు తన దగ్గర ఏది ఎక్కువగా నిల్వ ఉంటే దానివైపు మొగ్గుతాడు. అతన్ని తప్పుపట్టలేం, ఎందుకంటే ఆ ప్రశ్నకు నిజంగానే జవాబు లేదు. ఇంటెల్ కంపెనీ ఐ5 అన్నది ఒక ప్రాసెసర్ (కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్) కాదు, ఏఎండీ కంపెనీ రైజెన్ 5 కూడా కాదు. డజన్లకొద్దీ వేర్వేరు చిప్‌లకు తగిలించిన ఉమ్మడి పేర్లవి. వాటిలో బలమైనవీ ఉన్నాయి, బక్కవీ ఉన్నాయి.

బలాబలాలను ఎలా తేల్చాలో ప్రకాశం జిల్లా వాళ్లకు ఒకరు నేర్పనక్కర్లేదు. సంక్రాంతికో తిరునాళ్లకో జరిగే బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్తలను ఎలాపడితే అలా బరిలోకి దించరు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అంటూ విభాగాలుంటాయి. విభాగాన్నిబట్టి బండ బరువు మారుతుంది. ఒక విభాగంలో దిగిన జతలన్నిటికీ ఒకే బండ, ఒకే బరి, ఒకే గడువు. చివరికి లాగిన దూరాన్ని అడుగుల్లో లెక్కగట్టి మైకులో చదువుతారు. ‘మా జత నాలుగు వేల అడుగులు లాగింది’ అని ఎవరైనా మీసం తిప్పితే, పక్కనున్న పెద్దాయన ‘ఏ విభాగంలో? బండెంత?’ అని అడగకుండా ఊరుకోడు. అదే పెద్దాయన మనవడికి ల్యాప్‌టాప్ కొనబోయి ‘దీని స్కోరు పద్నాలుగు వేలండీ’ అనగానే తలూపేస్తాడు. ఏ పని చేయించి తేల్చిన స్కోరు, ఎంతసేపు చేయించారు, ఏ వేడిలో చేయించారు అన్నవి తెలియనంతవరకు ఆ పద్నాలుగు వేలకు అర్థం లేదు.

ముందు పేర్ల సంగతి. ల్యాప్‌టాప్ పెట్టె మీద రైజెన్ 5 అని పెద్దగా ఉంటుంది, దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఒక నాలుగంకెల సంఖ్య ఉంటుంది. అసలు కథ ఆ సంఖ్యలో ఉంది. రైజెన్ 5 7520యూ, 7530యూ, 7540యూ అనే మూడు చిప్‌లను చూడండి. ఏఎండీ పెట్టిన పద్ధతిలో ఇక్కడ మూడో అంకె ప్రాసెసర్ నిర్మాణం ఏ తరానిదో చెబుతుంది. 7520యూలో ఉన్నది 2019లో మొదలైన జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు (చిప్‌లో విడివిడిగా పనిచేయగల భాగాలు). 7530యూలో జెన్ 3, ఆరు కోర్లు. 7540యూలో 2022 నాటి జెన్ 4, ఆరు కోర్లు. ముందున్న 7ను చూసి మూడూ ఒకే ఏడాది సరుకనుకుని, చివరి అంకెల తేడా కొద్దిపాటిదేనని కొన్నవాళ్లు ఎందరో. కొత్త గోనెసంచిలో పాత బియ్యం పోసి అమ్మితే మిల్లరును నిలదీసే ఊళ్లో ఇది చెల్లిపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ఇంటెల్ తక్కువ తిన్నదేమీ కాదు. ఐ7 అంటే ఐ5 కంటే మేలన్నది జనంలో నాటుకుపోయిన నమ్మకం. 12వ తరంలో ఐ7-1255యూలో రెండు పెద్ద కోర్లు (వేగమైనవి), ఎనిమిది చిన్న కోర్లు (కరెంటు ఆదా చేసేవి) ఉన్నాయి. అదే తరం ఐ5-12500హెచ్‌లో పెద్దవి నాలుగు, చిన్నవి ఎనిమిది. పైగా మొదటిది 15 వాట్లను ఆధారంగా చేసుకుని రూపొందింది, రెండోది 45 వాట్లను. ఎక్కువసేపు సాగే పనిలో ఈ ఐ5 ఆ ఐ7ను వెనక్కి నెడుతుంది. పేరులోని 5, 7 అంకెల కంటే చివరనున్న యూ, హెచ్ అక్షరాలే ఎక్కువ చెబుతాయి. 2023 చివర్లో ఇంటెల్ ‘కోర్ అల్ట్రా’ పేర్లకు మారింది. అయినా ఆ వెంటనే వచ్చిన కోర్ 7 150యూలోనూ ఉన్నవి ఆ రెండు పెద్ద, ఎనిమిది చిన్న కోర్లే.

తర్వాతి మోసం గిగాహెర్ట్జ్. ప్రాసెసర్ లోపలి గడియారం సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్పే లెక్క ఇది. 3 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల సార్లు. అయితే ఒక్కో టిక్కుకు ఎంత పని జరుగుతుందన్నది ఈ అంకె చెప్పదు. వేగం ఈ రెండింటి లబ్ధం. ఇంటెల్ 2000 నవంబరులో తెచ్చిన పెంటియం 4 ఈ తేడాకు పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. గడియారాన్ని వేగంగా తిప్పడం కోసం ఒక్కో ఆదేశాన్ని 20 దశలుగా ముక్కలు చేశారు. 2004లో వచ్చిన రకంలో దశలు 31కి చేరాయి. ముక్క చిన్నదయ్యేకొద్దీ గడియారం వేగంగా తిరుగుతుంది, పెట్టె మీద పెద్ద అంకె వేసుకోవచ్చు. తర్వాత ఏ దారిలో వెళ్లాలో ప్రాసెసర్ ముందుగా ఊహించుకుంటూ పోతుంది కదా, ఆ ఊహ తప్పినప్పుడు మాత్రం అన్ని దశల్లోని పనినీ పారేసి మొదటినుంచి రావాలి. అదే కాలంలో ఏఎండీ ఆథ్లాన్ ఎక్స్‌పీ 1800+ అనే చిప్ అమ్మింది. దాని అసలు వేగం 1.53 గిగాహెర్ట్జే. అంతకంటే పెద్ద అంకె ఉన్న పెంటియంలతో చాలా పనుల్లో అది దీటుగా నిలిచింది. అయినా చిన్న అంకె చూసి జనం మొహం తిప్పుకుంటారన్న భయంతో కంపెనీ 1800+ అనే అంకెను పేరులోకి ఎక్కించింది. చివరికి 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను ఇంటెల్ 2004లో రద్దు చేసుకుంది. వేడిని అదుపు చేయడం అంత కష్టమైంది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో 2.4 గిగాహెర్ట్జ్‌తోనే 3.8 గిగాహెర్ట్జ్ పెంటియంను దాటేసింది.

టిక్కుకు జరిగే పని దేనిమీద ఆధారపడుతుంది? చాలావరకు ఎదురుచూపుల మీద. నడుస్తున్న పనికి కావలసిన సమాచారాన్ని ఉంచే ర్యామ్ నుంచి ఒక సమాచారం వచ్చేలోపు ప్రాసెసర్ వందల టిక్కులు ఖాళీగా కూర్చుంటుంది. అందుకే చిప్‌లోనే క్యాష్ అనే చిన్న, వేగవంతమైన జ్ఞాపకాన్ని పెడతారు. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ఈ సంగతిని కళ్లకు కట్టింది. మామూలు 5800ఎక్స్‌లో మూడో స్థాయి క్యాష్ 32 మెగాబైట్లు, గరిష్ఠ వేగం 4.7 గిగాహెర్ట్జ్. ఈ కొత్తదానిలో క్యాష్ 96 మెగాబైట్లు, వేగం మాత్రం 4.5కు తగ్గింది. ఆటల్లో కొత్తది గెలిచింది. త్రీడీ బొమ్మలను గణించే పనిలో పాతదే కాస్త ముందుంది. ఒకే కంపెనీ, ఒకే తరం, ఒకే కోర్ల సంఖ్య ఉన్నా పనిని మార్చేసరికి విజేత మారిపోయాడు. ఇంత తెలిశాక ‘మొత్తమ్మీద ఏది వేగం’ అని అడగడం దండగ.

ఇక కోర్లు. ఎనిమిది కోర్లుంటే పని ఎనిమిది రెట్లు వేగంగా జరగదు. కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్డాల్ 1967లోనే దీనికి లెక్క కట్టాడు. ఒక పనిలో పదో వంతు భాగాన్ని పంచడం కుదరదనుకుందాం. అప్పుడు ఎనిమిది కోర్లతో వచ్చే వేగం 4.7 రెట్లు, పదహారు కోర్లతో 6.4 రెట్లు. వెయ్యి కోర్లు పెట్టినా పది రెట్లకు చేరదు. పంచడానికి వీల్లేని ఆ పదో వంతే మొత్తాన్ని పట్టి ఉంచుతుంది.

నెల్లూరులో శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్లలో ఇది రోజూ కనిపించే విషయమే. అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌తో ఇప్పటికీ అక్కడ పని నడుస్తోంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, వచ్చింది 2001లో. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు రెండు కోర్లు 2005లో గాని రాలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఎనిమిది కోర్లిచ్చినా ఒక్కదానితోనే సరిపెట్టుకుంటుంది. దీన్ని కళ్లారా చూడాలంటే పెద్ద ఫైలును ప్రింటుకు పంపి టాస్క్ మేనేజర్ తెరవండి. ఎనిమిది థ్రెడ్ల (ఒకేసారి నడపగల పనుల వరుసల) యంత్రంలో ప్రాసెసర్ వినియోగం 12 శాతం దగ్గర ఆగిపోయి, తెర మీద ‘ఆగండి’ అనే గుర్తు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎనిమిదిలో ఒక వంతు అంటే పన్నెండున్నర శాతమే కదా. ఆ ఒక్క కోరూ తన శక్తికొద్దీ పరిగెడుతోంది, మిగిలినవి గోళ్లు గిల్లుకుంటున్నాయి. పదహారు థ్రెడ్ల యంత్రం కొని తెచ్చినా ఆ 12 కాస్తా 6 అవుతుందేగాని శుభలేఖ ముందుగా రాదు. ఇలాంటివారు చూడాల్సింది ఒంటి కోరు స్కోరు. అది ఎక్కువగా ఉన్న నాలుగు కోర్ల చిప్ వీరికి చాలు.

కోరంటే ఏమిటన్నది కూడా వివాదమే. ఏఎండీ 2011లో ఎఫ్‌ఎక్స్-8150ని ఎనిమిది కోర్ల చిప్‌గా అమ్మింది. అందులో కోర్లను రెండేసి చొప్పున జతకట్టి, దశాంశ లెక్కలు చేసే భాగాన్ని ఒక్కో జతకు ఉమ్మడిగా ఇచ్చారు. వాటిని ఎనిమిది కోర్లు అనవచ్చా అని అమెరికాలో కొనుగోలుదారులు దావా వేస్తే, 2019లో 1.21 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఇప్పుడు ఇంటెల్ చిప్‌లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి లెక్క చెబుతున్నారు. ఐ5-1235యూను ‘పది కోర్లు’ అంటారు, పెద్దవి రెండే. ఐ5-12450హెచ్‌లో ఉన్నవి ఎనిమిదే అయినా పెద్దవి నాలుగు. పది పెద్దదా ఎనిమిది పెద్దదా అంటే ఇక్కడ ఎనిమిదే.

మన జిల్లాలకు అన్నిటికంటే ముఖ్యమైనది, సమీక్షల్లో అన్నిటికంటే తక్కువగా కనిపించేది వేడి. ఐ5-1235యూకు ఆధార విద్యుత్తు 15 వాట్లు, గరిష్ఠం 55 వాట్లు. పని మొదలవగానే చిప్ పై అంకె వైపు దూకుతుంది, కొద్దిసేపటికి దిగివస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ కొద్దిసేపు అర నిమిషం అటూఇటూ. ఎంతసేపు దూకనివ్వాలో, ఎక్కడికి దిగాలో నిర్ణయించేది ల్యాప్‌టాప్ తయారీదారు. అందుకే ఒకే చిప్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో, రెండు ఫ్యాన్లున్న మందపాటిది ఒకలా, పలకలాంటి పల్చటిది మరోలా నడుస్తాయి. పరీక్ష అర నిమిషంలో ముగిస్తే రెండూ సమానంగా కనిపిస్తాయి. పావుగంట నడిపితే బండారం బయటపడుతుంది. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23 అనే సాఫ్ట్‌వేర్‌లో పరీక్షను పది నిమిషాలపాటు మళ్లీ మళ్లీ నడపడాన్ని మామూలు పద్ధతిగా చేసింది ఇందుకే.

గది ఉష్ణోగ్రతను దీనికి కలపండి. చిప్ నుంచి వేడి బయటికి పోయే వేగం, చిప్‌కీ గదిగాలికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. చిప్ 100 డిగ్రీల దగ్గర తనను తాను తగ్గించుకుంటుందనుకుందాం. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర సమీక్ష చేసినవారికి 78 డిగ్రీల తేడా దొరుకుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, ఏసీ లేని ఒంగోలు గదిలో 38 డిగ్రీలుంటే మిగిలే తేడా 62. అదే ఫ్యాన్, వేడిని లాగే అదే లోహపు పలక (హీట్‌సింక్) అయినా బయటికి నెట్టగల వేడి దాదాపు ఐదో వంతు తగ్గిపోయింది. అంటే చిప్ వాడుకోగల వాట్లూ అంతే తగ్గాలి. వేగం అదే నిష్పత్తిలో పడిపోదు. పై అంచున చివరి కొద్ది శాతం వేగం కోసం చిప్‌లు విద్యుత్తును దుబారా చేస్తాయి కాబట్టి, వాట్లు ఐదో వంతు తగ్గినా వేగం అంతకంటే తక్కువే తగ్గుతుంది. కానీ సమీక్షలో నాలుగైదు శాతం తేడాతో గెలిచిన, ఎక్కువ వాట్లు తాగే చిప్ మన మే నెలలో గెలుస్తుందన్న నమ్మకం లేదు. ఫ్యాన్ రెక్కలకు ధూళి పట్టాక అసలే లేదు. ఇలాంటి చోట తక్కువ వాట్లతో పని ముగించే చిప్‌కు నేను నాలుగు మార్కులు ఎక్కువే వేస్తాను. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడూ అదే మేలు.

చివరి కొద్ది శాతం కోసం పాకులాడితే ఏమవుతుందో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో చూశాం. కోరుకోవాల్సినదానికంటే ఎక్కువ వోల్టేజీని కోరుకోవడంవల్ల వాటిలో కొన్ని పాడై కంప్యూటర్లు ఆగిపోసాగాయి. 2024 ఆగస్టులో కంపెనీ మైక్రోకోడ్ (చిప్ లోపలి ఆదేశాలు) సవరణ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి పాత ఐ7, ఐ9 తెచ్చుకునే నెల్లూరు కుర్రాళ్లు ఆ చిప్ సవరణకు ముందు ఎంతకాలం నడిచిందో అడగాలి. ఎందుకంటే అప్పటికే జరిగిన నష్టాన్ని సవరణ పూడ్చలేదు.

బెంచ్‌మార్క్‌లను, అంటే వేగాన్ని కొలిచే పరీక్షలను నమ్మవచ్చా? నమ్మవచ్చు, కాపలా పెట్టి. 1988లో ఏర్పడిన స్పెక్ అనే సంస్థ పరీక్షలకు పరిశ్రమలో గౌరవం ఉంది. ఆ సంస్థే 2024లో ఇంటెల్ సర్వర్ చిప్‌ల ఫలితాలు 2,600కు పైగా చెల్లవని ముద్ర వేసింది. ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే ఇంటెల్ కంపైలర్‌లో, ఆ పరీక్షలోని ఒక ప్రోగ్రాముకు మాత్రమే లాభించే మెళకువను పొందుపరిచారన్నది కారణం. ప్రశ్నపత్రం ముందే తెలిసిన విద్యార్థి మార్కులవి. 2013లో శాంసంగ్ గెలాక్సీ ఎస్4 ఫోన్లు పరీక్షా యాప్‌లను పేరుతో గుర్తుపట్టి, వాటికి మాత్రమే ప్రాసెసర్‌ను పూర్తి వేగంతో నడిపిన వైనం బయటపడింది. ఇక కంపెనీలు సభల్లో చూపే పట్టీల గ్రాఫుల్లో అడుగు గీత సున్నా దగ్గర మొదలవుతోందో లేదో చూస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది. ఒకే యంత్రంలో ఒకే పరీక్షను రెండుసార్లు నడిపినా రెండు మూడు శాతం తేడా వస్తుంటుంది. అంత తేడాతో గెలిచానన్నవాడిది గెలుపు కాదు.

ఏ స్కోరులోనూ కనిపించని ఒక సంగతి పెళ్లి వీడియోలు తీసేవారికి ప్రాణం. సోనీ ఎ7 ఎస్3, ఎ7 4 వంటి కెమెరాల్లో రంగులు బాగా నిలవడం కోసం చాలామంది రంగుల వివరాలను ఎక్కువగా ఉంచే 10 బిట్ 4:2:2 రకంలో, వీడియోను బాగా కుదించే హెచ్.265 పద్ధతిలో చిత్రీకరిస్తారు. ఆ ఫైలును విప్పడం మామూలు కోర్లకు గుదిబండ. దానికోసం చిప్‌లో ప్రత్యేక విభాగం ఉండాలి. కొన్ని తరాలుగా ఇంటెల్ చిప్‌లలోని గ్రాఫిక్స్ భాగం ఈ 4:2:2ను సునాయాసంగా విప్పుతోంది. రైజెన్ చిప్‌లలోని విభాగం రంగుల వివరాలు తక్కువగా ఉండే 4:2:0 దగ్గరే ఆగిపోతుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతోగాని ఆ సదుపాయం రాలేదు. కాబట్టి సినీబెంచ్‌లో వెనకబడిన ఐ5 మీద మాంగల్యధారణ ఘట్టం సాఫీగా కదులుతుంటే, స్కోరులో దాన్ని చిత్తుచేసిన రైజెన్ మీద అదే ఘట్టం ఆగి ఆగి సాగవచ్చు. ఇంకో చిన్న మెలిక ఉంది. ఐ5-12400ఎఫ్ లాగా చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్‌లో గ్రాఫిక్స్ భాగమే పనిచేయదు. ఎఫ్ చౌక అని కొంటే, ఎడిటర్ ఏ లాభం కోసం ఇంటెల్ వైపు వచ్చాడో అదే పోతుంది. మరోవైపు, మామూలు హెచ్.264 4:2:0లో తీసేవారికి ఈ గొడవే లేదు. వాళ్లకు చివరి ఫైలు తయారయ్యే సమయం ముఖ్యం, అక్కడ ఎక్కువ కోర్ల రైజెన్ దర్జాగా నిలబడుతుంది.

ర్యామ్ గురించి ఒక్క మాట. ఎనిమిది గిగాబైట్ల ముక్క ఒక్కటే పెట్టి అమ్మే ల్యాప్‌టాప్‌లో సమాచారానికి ఒకటే దారి. రెండు ముక్కలుంటే రెండు దారులు. ముఖ్యంగా విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో ఆటల వేగం దీంతో బాగా మారిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ విభాగం తెరిస్తే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో కనిపిస్తుంది. మిల్లులో, రొయ్యల మేత దుకాణంలో ట్యాలీ (ఖాతాల సాఫ్ట్‌వేర్) నడుపుకునేవారికైతే ఇంటెల్, ఏఎండీల పోరుతో పనే లేదు. హార్డ్ డిస్కు తీసి, తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే ఏ కొత్త ప్రాసెసరూ ఇవ్వలేని మార్పు కనిపిస్తుంది.

కొనేముందు చేయగలిగిన మంచి పరీక్ష మీ పనినే పట్టుకెళ్లడం. వీడియో ఎడిటరైతే పెన్‌డ్రైవ్‌లో ఒక పెళ్లి క్లిప్పు, విద్యార్థి అయితే తాను కంపైల్ చేసే ప్రాజెక్టు. ఛార్జర్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి నడపండి. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద నెమ్మదిస్తాయి. వరుసగా మూడుసార్లు నడిపి మూడోసారి పట్టిన సమయాన్ని రాసుకోండి, మొదటిసారిది కాదు. దుకాణంలో ఏసీ ఉంటే ఆ సమయానికి మీ ఇంటి ఎండను మీరే కలుపుకోవాలి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, అరవై వేలు పెట్టేది మీరు.

డెస్క్‌టాప్ కట్టించుకునేవారు ఇంకో మూడేళ్లు ముందుకు చూడాలి. రైజెన్ తొలి తరం కోసం 2017లో కొన్న ఏఎం4 సాకెట్ (చిప్ కూర్చునే గూడు) బోర్డుల్లో చాలావాటిలో, బయోస్ (బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్) మార్చుకుంటే 2022 నాటి 5800ఎక్స్3డీ కూడా కూర్చుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాలతో ఆగింది. 2024లో కంపెనీ ఎల్‌జీఏ 1851కు మారింది. తన తర్వాతి సాకెట్ ఏఎం5ను కనీసం 2027 వరకు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఈరోజు ఐదు శాతం వెనకబడిన చిప్, బోర్డు మార్చకుండా రేపు దానికంటే మంచిదాన్ని పెట్టుకోనిస్తే ఆ ఐదు శాతాన్ని వదులుకోవచ్చు. మూడేళ్ల తర్వాత ఎలాగూ మొత్తం మార్చేసే అలవాటున్నవారు ఈ లెక్కను పక్కనబెట్టి, ఇవాళ తమ పనిని ముందుగా ముగించేదాన్నే తీసుకోవచ్చు.